నీ రిపోర్టులో నాలుగో అధ్యాయం

చిట్టితల్లీ,

నీ కెమిస్ట్రీ ప్రాజెక్టుకు ఉత్తమ పరిశోధన అవార్డు వచ్చిందని ఫోన్‌లో చెప్పగానే మీ అమ్మకు కన్నీళ్లు ఆగలేదు. నాకు నోట మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మొదటిసారి బాగా వచ్చిన యీల్డ్, అంటే రియాక్షన్‌లో చేతికందిన పదార్థం, ఆ తర్వాత మూడుసార్లు సగానికి పడిపోవడం, పదార్థం శుద్ధంగా ఉందో లేదో చూసే టీఎల్‌సీ ప్లేటు మీద ఉండకూడని మచ్చ కనబడటం, పదార్థాలను కరిగించే సాల్వెంట్‌లో తేమ ఉందని తేలడం, దాన్ని డ్రై చేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం, ఏదీ దాచకుండా రాశావు. మొదటి అంకె ఒక్కటే వేసి ఊరుకున్నా నిన్ను అడిగేవాళ్లు లేరు. కమిటీవాళ్లు కూడా ఆ అధ్యాయం మీదే ఎక్కువ ప్రశ్నలు వేశారన్నావు. వేయరా మరి! ఇంకొకరు చేసినా అదే ఫలితం వస్తుందా అన్నదే కదా కెమిస్ట్రీలో అసలు ప్రశ్న.

డిగ్రీలో ఒకసారి ద్రావణం గాఢత కొలిచే టైట్రేషన్‌లో రీడింగులు కలవకపోతే, పక్కవాడి విలువ చూసి నా రికార్డులో వేసేశాను. మార్కులు బాగానే వచ్చాయి. నా రీడింగు ఎందుకు తేడా వచ్చిందో మాత్రం ఇప్పటికీ తెలియదు. నువ్వు అలా చేయలేదు. నా సంతోషమంతా అందుకే.

నీ స్నేహితురాలికి అవార్డు రాలేదని బాధపడుతున్నావు. 1884లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సమర్పించిన థీసిస్‌కు చాలా తక్కువ గ్రేడు ఇచ్చారు. ద్రావణాల్లో విద్యుత్ ప్రవాహం గురించిన పని అది. లవణాలు నీళ్లలో అయాన్లుగా విడిపోతాయన్న సిద్ధాంతం అక్కడినుంచే ఎదిగింది, 1903లో ఆయనకు నోబెల్ తెచ్చింది. కానీ ఈ కథ ఇప్పుడే ఆ అమ్మాయికి చెప్పకు. ముందు వెళ్లి పక్కన కూర్చో. నీకు పదార్థాలను వేరుచేసే కాలమ్ ప్యాక్ చేయడం నేర్పింది తనే కదా, ఆ మాట స్టేజీ మీద అందరి ముందూ చెప్పు.

ఇంకొకటి. నీ పనిని కొనసాగించబోయే జూనియర్‌కు ఆ తేమ సంగతి రాసిన పేజీలు కాపీ తీసి ఇవ్వు. వాళ్లకు కొన్ని వారాల శ్రమ తప్పుతుంది.

అవార్డు ఇచ్చే రోజు మేమిద్దరం వస్తాం. ల్యాబ్‌లో నీ నోటుబుక్ ఒకసారి చూపించు తల్లీ. ఆ మూడు ఫెయిలైన రియాక్షన్లు నీ చేతిరాతలో చదవాలని ఉంది.

ప్రేమతో,
నాన్న