పదింటి కరెంటు కోత

సంపాదకుల వారికి,

కత్తిరి (నడివేసవి మంటల రోజులు) ఎండలు మొదలైనప్పటి నుంచి మా కొరుక్కుపేట వీధిలో రాత్రి పది దాటగానే కరెంటు పోతోంది. ఫోన్ చేస్తే "లోడు ఎక్కువైంది సార్, ఒక గంట అడ్జస్ట్ చేసుకోండి" అంటారు. మధ్యాహ్నం పోయినా రాత్రి పోయినా గంట గంటే కదా అన్నది వాళ్ల లెక్క. ఒంటి లెక్క వేరు.

మన ఒంటి వేడి రోజంతా ఒక్కలా ఉండదు. సాయంత్రానికి పెరిగి, పడుకునే వేళకి దిగడం మొదలుపెట్టి, తెల్లవారుజామున నాలుగైదు గంటలకి బాగా తగ్గుతుంది. తేడా అంతా కలిపి ఒక డిగ్రీ సెల్సియస్ అటూ ఇటూ. అది దిగుతుంటేనే కన్ను మూతపడుతుంది. అప్పుడు అరచేతుల్లో, అరికాళ్లలో రక్తనాళాలు వెడల్పయి లోపలి వేడిని బయటికి పంపుతాయి. నిద్రకొచ్చిన చంటిపిల్లల చేతులు వెచ్చబడేది అందుకే. ఈ వేళల్ని నడిపే గడియారం మెదడులో ఉంది. అలాంటి గడియారం కణాల్లో ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికన్లకి నోబెల్ ఇచ్చారు కూడా.

ఒళ్లు వదిలిన వేడిని గాలి పట్టుకుపోవాలి కదా! మాది పై అంతస్తు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా చెయ్యి పెట్టనివ్వదు. సముద్రపు తేమకి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫ్యాన్ ఆగగానే మా అమ్మ నేల మీద నీళ్లు చల్లి, మనవడి పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు చల్లితే ఉక్క ఇంకా పెరుగుతుందంటే వినదు. పదకొండున్నరకి కరెంటొచ్చినా ఒంటి గంట దాకా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఎన్నూరు వైపు ఫస్ట్ షిఫ్టుకి వెళ్లే మా తమ్ముడు నాలుగున్నరకే లేవాలి. నిద్రమత్తు గట్టిగా పట్టే వేళ సరిగ్గా అదే.

ఏసీలు పెరిగాయి, రాత్రిపూట లోడు నిజమే. అయితే కత్తిరి ఏటా మే నెలలోనే వస్తుంది, చెప్పకుండా వచ్చేదేం కాదు. మార్చిలోనే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే సరిపోయేది. ఇప్పుడు కోత తప్పదంటే రోజూ మా ఒక్క లైనుకే కాకుండా వంతులు వేయండి. మరమ్మతులు పగలు పెట్టుకోండి. మా వీధి చివరి పార్కుకి ఎనిమిదింటికే తాళం పడుతోంది. ఈ నెలాఖరు వరకైనా పన్నెండు దాకా తీసి ఉంచితే మా అమ్మలాంటి వాళ్లు చెట్ల కింద కూర్చుంటారు.

— ఒక పాఠకుడు,
కొరుక్కుపేట, చెన్నై