డిస్కు తీసేస్తే గేమ్ కన్సోల్ నిలబడదు

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోళ్లలో డిస్కు పెట్టే వీలును కంపెనీలు తీసేస్తున్నాయి; ఇదే కొనసాగితే మా కోనసీమలాంటి చోట్ల వాటికి భవిష్యత్తు ఉండదు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్క్ డ్రైవ్ లేదు. 2024 నాటి ప్లేస్టేషన్ 5 ప్రోకి దాన్ని విడిగా కొనుక్కోవాలి. అమలాపురంలో మా వీధి పిల్లలు తలా కొంత వేసుకుని ఒక క్రికెట్ డిస్కు కొంటారు. అది ఇంటింటికీ తిరుగుతుంది, అందరూ ఆడేశాక సగం ధరకో ఇంకా తక్కువకో ఇంకొకరికి అమ్మేస్తారు. డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ను అలా చేతులు మార్చలేం. పైగా వంద జీబీ దాటే గేమ్‌లున్నాయి. గాలివానకు కొబ్బరి మట్ట తీగల మీద పడిందంటే ఇక్కడ కరెంటూ ఉండదు, నెట్టూ ఉండదు. ఆన్‌లైన్ దుకాణాలూ శాశ్వతం కాదు: నింటెండో కంపెనీ 2023 మార్చిలో తన పాత గేమ్ యంత్రాలైన వీ యూ, 3డీఎస్‌లకు ఆన్‌లైన్‌లో గేమ్‌ల అమ్మకం ఆపేసింది, మైక్రోసాఫ్ట్ 2024 జూలైలో ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూసేసింది. ఫోన్ ఉండగా కన్సోల్ ఎందుకని కొందరంటారు. పిల్లలంతా ఒకే తెర ముందు చేరి, పక్కపక్కన కూర్చుని ఆడే ఆట ఫోన్‌లో ఎక్కడిది? డిజిటల్ సరుకును ‘కొనండి’ అని అమ్మేటప్పుడు అది వాడుకునే లైసెన్సు మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టం అమల్లో ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అలాంటి నిబంధన ఇక్కడా తేవాలి. కొన్న గేమ్‌ను కనీసం ఒక్కసారైనా ఇంకొకరి ఖాతాకు మార్చుకునే హక్కును అందులో చేర్చాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం