పిండం మీద పరిశోధన దండగ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో జనం చనిపోతుంటే ఎలుక పిండాల మీద, ఈగల మీద ప్రజల డబ్బు ఎందుకు పోయాలని అడుగుతూ ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. ఆయన బాధ అర్థమైంది. 2022లోనే ప్రపంచంలో దాదాపు 18 లక్షల మంది ఈ జబ్బుతో పోయారు. కానీ ఆ పరిశోధన ఆపేస్తే నష్టపోయేది ఆ రోగులే.

తల్లి కడుపులో నాలుగో వారానికి బిడ్డకు ఊపిరితిత్తులంటూ ఏమీ ఉండవు, ఆహారనాళంగా మారాల్సిన గొట్టం మీద చిన్న మొగ్గ లేస్తుంది, అంతే. అది చీలి, చీలినవి మళ్లీ చీలి, చెట్టు కొమ్మలేసినట్టు పెరగాలి. ఆ పెరుగుదలను కొన్ని జన్యువులు నడిపిస్తాయి. ఎఫ్‌జీఎఫ్10 అనే జన్యువు లేని ఎలుక పిల్ల శ్వాసనాళంతో పుడుతుంది గానీ దానికి ఊపిరితిత్తులుండవు. కణాలు ఎప్పుడు వేగంగా ఒకటి రెండుగా చీలాలి, ఎటు కదలాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ జన్యువుల మధ్య సంకేతాలే చెబుతాయి. పెద్దయ్యాక వీటిలో చాలావరకు సద్దుమణిగి, గాయమైనప్పుడు మరమ్మతు కోసం మళ్లీ లేస్తాయి. క్యాన్సర్ కణం వీటినే లాక్కుంటుంది, ఆగమనే సంకేతం మాత్రం దానికి పట్టదు.

ఆ మొగ్గలో అందరికంటే ముందు మేల్కొనే జన్యువుల్లో ఎన్‌కేఎక్స్2-1 ఒకటి. అది తయారుచేయించే ప్రోటీన్‌నే, గడ్డల ముక్కలు పరీక్షించే డాక్టర్లు (పాథాలజిస్టులు) టీటీఎఫ్-1 అంటారు. మెదడులోనో కాలేయంలోనో గడ్డ కనిపించినప్పుడు అది ఊపిరితిత్తి నుంచి వచ్చిందా అని తేల్చడానికి బయాప్సీ ముక్కలో రోజూ వెతికేది ఈ ప్రోటీన్‌నే (థైరాయిడ్‌లో కూడా ఉంటుంది కాబట్టి దీనొక్కదాన్నే నమ్మరు). పిండం మీద పనిచేసినవాళ్ల కష్టం అలా రోగి రిపోర్టులోకి వచ్చింది. ఏఎల్‌కే అనే జన్యువు సంగతీ అంతే. పిండదశలో నరాల వ్యవస్థలో పనిచేసే ఆ జన్యువు, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో నిద్రపోవాల్సింది, వేరే జన్యువు ముక్కతో అతుక్కుని మేల్కొంటోందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. దాన్ని ఆపే క్రిజోటినిబ్ అనే మందుకు 2011లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. క్యాన్సర్ మందుల విషయంలో నాలుగేళ్లంటే చాలా తక్కువ టైమ్.

ఇక ఈగల సంగతి. ఈగ పిండాల్లో లోపాలు వెతుకుతూ నుస్లైన్ ఫోల్‌హార్డ్, వీషౌస్ అనే శాస్త్రవేత్తలు 1980లో హెడ్జ్‌హాగ్ జన్యువు గురించి రాశారు, 1995లో నోబెల్ వచ్చింది. క్షీరదాల్లో దాని చుట్టమైన సోనిక్ హెడ్జ్‌హాగ్ లేకపోతే ఊపిరితిత్తులు సరిగా కొమ్మలెయ్యవు. స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ ఈ జన్యువు నడిపే సంకేతాల దారే పనిచేస్తోందని 2003లో తేలాక చాలా ఆశ పుట్టింది. ఆ దారిని మూసే విస్మోడెజిబ్ అనే మందు ఒక రకం చర్మ క్యాన్సర్‌కు 2012లో అనుమతి తెచ్చుకుంది, కానీ స్మాల్ సెల్ రోగులకు కీమోతో కలిపి ఇస్తే ఆయుష్షు పెరగలేదు. ఈ ఓటమిని కూడా మీరు రాయాలి, గెలుపులే రాస్తే జనం మోసపోయామనుకుంటారు. ఆ మందు గర్భిణులు అసలు వాడకూడదు, ఎందుకంటే కడుపులో బిడ్డ ఏర్పడాలంటే ఆ సంకేతాల దారి తెరిచే ఉండాలి.

"క్యాన్సర్ జన్యువు" అని హెడ్డింగ్ పెట్టినప్పుడు ఇంకో మాట కూడా చేర్చండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ మార్పులు చాలావరకు పొగ వల్లో, గాలి కాలుష్యం వల్లో, వయసుతోనో ఆ కణాల్లో పుట్టేవి, తల్లిదండ్రుల నుంచి వచ్చేవి కావు. అది తెలియక రోగి పిల్లలు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు.

ఆ పాఠకుడి కోపం నిలదీయాల్సిన చోటు వేరే ఉంది. ఇంత పరిశోధన జరిగాక కూడా అవసరమున్న ప్రతి రోగికీ గడ్డలో ఏఎల్‌కే, ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువుల్లో మార్పులు చూసే పరీక్ష ఎందుకు అందడం లేదు, ఖర్చు ఎవరు భరించాలి అని ప్రభుత్వాలను అడగండి. మీ పత్రిక అడిగితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు