కొమ్మ కట్టిందెవర్రా?

ఒరేయ్ సూరీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, అద్దె పెరిగింది. కబుర్లయిపోయాయి. మీ బడి పిల్లల నాటకానికి హాన్సెల్, గ్రెటెల్ కథ ఏ రూపంలో తీసుకోవాలని అడిగావు కదా, ఇక అదే.

అడవిలో కన్నవాళ్ళు వదిలేస్తే, మిఠాయి ఇంట్లో పిల్లల్ని తినే మంత్రగత్తె చేతికి చిక్కి తప్పించుకొచ్చే అన్నాచెల్లెళ్ళ కథే కదా. కానీ మిఠాయి ఇల్లూ మంత్రగత్తే కాదురా, నన్ను పట్టుకున్నది ఒక ఎండు కొమ్మ. గ్రిమ్ సోదరుల కథలో పిల్లల్ని చలిమంట దగ్గర కూర్చోబెట్టి పెద్దవాళ్ళు వెళ్ళిపోతారు. దూరంగా గొడ్డలి దెబ్బలు వినిపిస్తూనే ఉంటాయి. నాన్న ఇక్కడే ఉన్నాడులే అని పిల్లలు నిద్రపోతారు. అది గొడ్డలి కాదు! నాన్న చెట్టుకి కట్టిపోయిన కొమ్మ, గాలికి ఊగి కొట్టుకుంటోంది. ఆలోచించు. చెట్టు వెతకాలి, గాలి వాటం చూడాలి, వదులుగా కట్టాలి, బిగిస్తే చప్పుడు రాదు. పెళ్ళాం పోరు పడలేక చేశాడు పాపం అని మనం జాలిపడే మనిషి చేసిన పనిరా ఇది!

కథ తిరగరాసిన వాళ్ళంతా తల్లినే మారుస్తూ వచ్చారు. 1812 మొదటి ముద్రణలో పిల్లల్ని వదిలేద్దామన్నది కన్నతల్లే. 1840 నాలుగో ముద్రణకి ఆవిడ సవతి తల్లి అయిపోయింది. పిల్లలు రత్నాలు మూటగట్టుకుని వచ్చేసరికి ఆవిడ చచ్చిపోయి ఉంటుంది. ఎలా పోయిందో ఒక్క ముక్క లేదు. ఆయన మాత్రం సంతోషంగా పిల్లల్ని ఇంట్లోకి తీసుకుంటాడు, కొమ్మ ఊసెత్తడు. మన తిరగలి మేష్టారైతే బెంచీ ఎక్కించేవారు కాదూ!

తర్వాత జర్మన్ స్వరకర్త హంపర్‌డింక్ ఒపెరా, అంటే మొత్తం పాటలతో నడిచే నాటకం. 1893 డిసెంబరు 23న వైమార్‌లో మొదటి ప్రదర్శన, సంగీతం నడిపింది రిచర్డ్ స్ట్రౌస్. మాటలు రాసింది హంపర్‌డింక్ చెల్లెలు ఆడెల్‌హైడ్ వెట్టే. ఇంట్లో పిల్లల ఆటకి నాలుగు పాటలు కట్టమని అన్నని అడిగితే చివరికి అంత ఒపెరా అయింది. ఆవిడ తెలివి చూడు, వదిలేయడమే తీసేసింది. పని మానేసి గెంతుతున్న పిల్లల్ని కొట్టబోయి తల్లి తనే పాలకూజా పగలగొట్టుకుంటుంది. ఆ ఉక్రోషంలో స్ట్రాబెర్రీలు ఏరుకు రమ్మని అడవికి తరుముతుంది. తండ్రి చీపుర్లు అమ్ముకుని, తాగి పాడుకుంటూ, బుట్టెడు సరుకులతో దిగుతాడు. హాన్సెల్ దారి గుర్తుకి జారవిడిచే గులకరాళ్ళు లేవు, రొట్టెముక్కలు లేవు, కొమ్మా లేదు. అమ్మా నాన్నా ఇద్దరూ నింద లేకుండా శుభ్రంగా బయటపడ్డారు. కానీ ఆ రాత్రి ప్రార్థన పాట... పద్నాలుగు మంది దేవదూతలు, తలవైపు ఇద్దరు, కాళ్ళవైపు ఇద్దరు, అలా జంటలు జంటలుగా. అది విన్నాక వెట్టే మీద కోపం ఉండదనుకో.

సినిమాలు గబగబా చెప్పేస్తా. 1983లో టిమ్ బర్టన్ టీవీకి తీసినదాంట్లో సవతి తల్లి, మంత్రగత్తె ఒకే నటుడు. ఒపెరాలో కూడా కొన్నిచోట్ల తల్లి, మంత్రగత్తె పాటలు ఒక్కరే పాడతారు. 2013లో వచ్చిన 'విచ్ హంటర్స్' సినిమాలో తల్లి మంచి మంత్రగత్తె, పిల్లల్ని అడవికి పంపింది కాపాడ్డానికేనట! 2020లో దర్శకుడు ఓజ్ పెర్కిన్స్ సినిమా పేరు తిరగేసి గ్రెటెల్‌ని ముందు పెట్టాడు. అందులో వెళ్ళగొట్టేది తల్లే. మళ్ళీ ఆవిడే!

కాబట్టి నువ్వు 1812 కథే తీసుకో. కొమ్మ వదలకు. తెర వెనక రెండు ఎండుకర్రలతో చప్పుడు చేయించు. ముందు గొడ్డలిలా సమంగా కొట్టాలి. పిల్లలు పడుకున్నాక లయ తప్పించు: రెండు దెబ్బలు దగ్గరగా, తర్వాత చాలాసేపు ఏమీ వద్దు, మళ్ళీ ఒకటి. కొట్టేది మనిషి కాదని చూసేవాళ్ళకి అప్పుడు తెలియాలి. మొదటినుంచీ లయ తప్పితే గుట్టు ముందే పోతుంది.

గులకరాళ్ళకి సున్నం పూసి నల్లగుడ్డ మీద వెయ్యి, లేకపోతే వెన్నెల్లో మెరిశాయంటే ఎవరూ నమ్మరు. ఇల్లు అసలు రొట్టెతో కట్టింది, పైకప్పు కేకు, కిటికీలు పంచదార. అట్టముక్కలు, కిటికీలకి బటర్ పేపర్ చాలు. నిజం బిస్కెట్లు అతికించావో, చీమలు నీకంటే ముందొస్తాయి. పొయ్యికి పెద్ద అట్టపెట్టె, వెనకవైపు తెరిచి ఉంచు, మంత్రగత్తె పిల్ల అటునుంచి పాకి పోవాలి. అడుగున ఇటుకలు పెట్టకపోతే నెట్టగానే పెట్టె బోర్లా పడుతుంది. టోపీ ముందే తీయించు, తలుపుకి తగులుకుంటుంది. మంత్రగత్తెని పొయ్యిలోకి నెట్టేది గ్రెటెల్ ఒక్కతే. ఒపెరాలో ఇద్దరూ కలిసి నెడతారు, నువ్వు అలా చెయ్యకు. హాన్సెల్ అప్పటికింకా బోనులోనే ఉంటాడు, లావెక్కాడో లేదో చూసే మంత్రగత్తెకి నాలుగు వారాలుగా వేలికి బదులు ఎముక చూపిస్తూ. ఆవిడకి చూపు ఆనదు కాబట్టే అది సాగింది. ముందు సీన్లలో ఆవిడ తడుముకుంటూ నడవాలి, మరిచిపోకు.

అన్నట్టు బాతు! తర్వాతి ముద్రణల్లో తిరుగుదారిలో ఏరు అడ్డొస్తుంది, తెల్లబాతు ఒక్కొక్కర్నీ దాటిస్తుంది. ఇద్దరెక్కితే బరువని గ్రెటెలే అంటుంది. కానీ వెళ్ళేటప్పుడు లేని ఏరు వచ్చేటప్పుడు ఎక్కణ్ణుంచి... ఆగు, పోస్టు డబ్బా తీసే వేళైంది, పరిగెత్తాలి.

నీ,
గోపి