గేటు పొట్టు ఎందుకు లేస్తుంది?

సంపాదకులకు,

ఇంటి గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు ఇప్పుడు చాలామంది పెయింట్ మానేసి పౌడర్ కోటింగ్ (విద్యుత్ ఎక్కించిన పొడి రంగును గన్‌తో చల్లి, ఓవెన్‌లో కాల్చి అంటించే పూత) చేయిస్తున్నారు. రెండు వానాకాలాలు గడిచి మూలల్లో పొట్టు లేస్తే 'పౌడర్ నాసిరకం' అనేస్తారు. చాలాసార్లు పాపం పౌడర్‌ది కాదు. ఇనుము సరిగా కడగలేదు, లేదా సరిగా కాలలేదు. ఈ రెండూ కొత్తలో కంటికి ఆనవు. కోటింగ్ అయిన మర్నాడు ఏ గేటైనా నిగనిగలాడుతూనే ఉంటుంది.

ముందు కడుగుడు సంగతి. పైపు, షీటు నూనె పూతతోనే వస్తాయి. ఆ నూనె తీసి, నీళ్లలో ముంచి, యాసిడ్ తొట్టిలో తుప్పు వదిలించి, మళ్లీ కడిగి, ఫాస్ఫేటింగ్ (పూత బాగా పట్టేలా ఫాస్ఫేట్ పొర ఎక్కించడం) చేసి, ఇంకోసారి కడిగి, పాసివేషన్‌లో (తుప్పును ఆపే ఆఖరి ద్రావణంలో) పెట్టాలి. సెవెన్ ట్యాంక్ (ఏడు తొట్ల) పద్ధతి అనేది దీన్నే. నూనె పోయిందో లేదో తెలుసుకోడానికి చెంబెడు నీళ్లు చాలు. ఇనుము మీద పోస్తే నీరు పొరలా పరుచుకోవాలి. ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టే. ఫాస్ఫేట్ పట్టిన ఇనుము బూడిదరంగుకు తిరిగి మెరుపు పోగొట్టుకుంటుంది. పది అడుగుల గేటు పట్టే తొట్టి చిన్న షాపుల్లో ఉండదు కాబట్టి థిన్నర్ గుడ్డతో తుడిచి పౌడర్ కొట్టేస్తారు. తుడిస్తే జిడ్డు కొంత పోతుందేమో గానీ ఫాస్ఫేట్ పొర ఎక్కడి నుంచి వస్తుంది? రేటు తక్కువ చెప్పిన చోట ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఇక కాల్చడం. అసలు గొడవంతా ఇక్కడే. ఓవెన్ మీటరులో 200 కనబడగానే టైమర్ నొక్కేస్తారు. '200 డిగ్రీల్లో 10 నిమిషాలు' అని పౌడర్ పెట్టె మీద ఉంటే ఆ లెక్క ఓవెన్‌లోని గాలికి కాదు, ఇనుముకు. పలచటి గ్రిల్ త్వరగా వేడెక్కుతుంది. 5 మి.మీ. పట్టీలు, మందపాటి ఫ్రేము ఉన్న గేటు అంత త్వరగా అందుకోదు. రెండూ ఒకే ట్రాలీకి వేలాడదీస్తే గ్రిల్ కాలుతుంది, గేటు పచ్చిగా దిగుతుంది. పచ్చిదైనా పౌడర్ కరిగి పరుచుకుని ఉంటుంది కనుక మెరుపులో లోటుండదు. లోపల గట్టిపడటమే పూర్తి కాదు. అలాంటి పూత చిన్న దెబ్బకే పెచ్చులూడుతుంది. మరీ ఎక్కువ కాలితే తెల్ల రంగు పసుపు తిరుగుతుంది. గేటులో అన్నిటికన్నా మందమైన చోట థర్మోకపుల్ (వేడి కొలిచే) తీగ కట్టి, అక్కడ వేడి అందాకే టైము లెక్కపెట్టాలి.

గేటుతో పాటు అదే మందం పైపు ముక్క ఒకటి వేలాడదీయించండి. ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావకంలో తడిపిన దూదితో దాన్ని పాతికసార్లు అటూ ఇటూ రుద్దండి. దూదికి కాస్త రంగు అంటితే ఫర్వాలేదు. పూత మెత్తబడి గోరు దిగితే గేటు మళ్లీ ఓవెన్‌లోకి వెళ్లాల్సిందే. తర్వాత బ్లేడుతో 2 మి.మీ. ఎడంగా అడ్డం ఆరు, నిలువు ఆరు గీతలు గీసి, టేపు అంటించి లాగండి. గడులు టేపుతో వచ్చేస్తే కడుగుడులో లోపం ఉందని అనుమానించండి.

ఎండ పడే గేటుకు ఎపాక్సీ పౌడర్ వద్దు, సుద్దలా పొడి రాలుతుంది. పాలిస్టర్ అడగండి. పూత మందం 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) చాలు. 'డబుల్ కోటింగ్' అని దట్టంగా కొడితే పైభాగం నారింజ తొక్కలా తేలుతుంది. లోపలి మూలలకు మాత్రం పౌడర్ అంత తేలిగ్గా చేరదు. అక్కడ గన్ వోల్టేజీ తగ్గించి కొట్టాలి. వేలాడదీసే కొక్కేల మీద పాత పూత పేరుకున్నా ఎర్తింగ్ అందక పౌడర్ పట్టదు. కొక్కేలు గీకని షాపు పనితనం అక్కడే తెలిసిపోతుంది.

వీటన్నిటినీ పాడుచేసేది సైట్‌లో వెల్డింగ్. కోటింగ్ అయిన గేటు తెచ్చి మడతబందులు అక్కడ వెల్డ్ చేస్తారు, కాలిన చోట స్ప్రే డబ్బాతో రంగు కొట్టి మూసేస్తారు. మొదటి తుప్పు ఆ మచ్చ కిందే మొదలవుతుంది. బందులు, గడియ కొక్కెం ముందే వెల్డ్ చేయించి, కోటింగ్ తర్వాత బోల్టులతో బిగించేలా ఫ్యాబ్రికేటర్‌తో ముందుగానే మాట్లాడుకోండి.

ఇట్లు,
పౌడర్ కోటింగ్ పనివాళ్లు,
ఆటోనగర్, విజయవాడ