హెచ్‌ఎంకి మెమో సరే, సాయం మాటేంటి?

సంపాదకుడు గారికి,

టెన్త్‌లో పాస్ శాతం తగ్గితే హెడ్మాస్టర్‌కి మెమో ఇవ్వడం తప్ప, ఆయన పనితీరు చూసే వేరే పద్ధతే లేదా? మా ఊరి హైస్కూల్ కమిటీలో సభ్యుణ్ణి కాబట్టి అడుగుతున్నా. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడి ఎలా నడుస్తోందో చూడటం, గ్రాంటు ఖర్చు గమనించడం మా పని. జరిగేదేమో మినిట్స్ పుస్తకంలో సంతకాలు, తర్వాత టీ బిస్కెట్లు.

మా హెచ్‌ఎం గారు పొద్దున్నే బియ్యం స్టాక్ చూసుకుని, భోజనం ఫొటో ఎక్కించడానికి సిగ్నల్ కోసం వరండా చివర ఫోన్ పట్టుకుని నిలబడతారు, ఈలోగా యూడైస్ (బడుల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ డేటాబేస్) వివరాలు ఇవాళే కావాలని మండలం నుంచి ఫోన్. ఇక క్లాసులో పాఠం ఎలా జరుగుతోందో చూసే తీరిక ఎక్కడిది? అలాగని హెచ్‌ఎంలందర్నీ వెనకేసుకురావట్లేదు, మీటింగుందని చెప్పి మధ్యాహ్నమే బండెక్కేవాళ్లూ ఉన్నారు.

జూన్‌లోనే హెచ్‌ఎం గారితో కూర్చుని రెండు మూడు విషయాలు రాసుకుందాం. ఆరో తరగతిలో తెలుగు కూడబలుక్కునేవాళ్లు ఎంతమంది, వాళ్లకి ఎప్పటికల్లా చదవడం వస్తుంది, ఇలాంటివి. సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ చూద్దాం. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉంటే ఆ తప్పు ఆయన ఖాతాలో వేయొద్దు. ముందు ఆ రాతకోతలకి ఒక గుమస్తాను ఇవ్వండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వచ్చినప్పుడు రికార్డులు పక్కనపెట్టి ఒక్క పీరియడ్ వెనక బెంచీలో కూర్చోమనండి.

- ఒక విద్యార్థి తండ్రి, గుంటూరు జిల్లా