పరీక్ష చేయకుండా ఇకపై బ్యాటరీ అమ్మము: పికప్ యజమానులకు మా దుకాణం తరఫున తెలియజేస్తున్న విషయాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా బ్యాటరీ, ఆటో ఎలక్ట్రికల్ దుకాణానికి వచ్చే పికప్ యజమానులకు, డ్రైవర్లకు నమస్కారం. నున్న మార్కెట్‌కు మామిడికాయ రావడం మొదలైతే మీకూ తీరిక ఉండదు, మాకూ ఉండదు కనుక, దుకాణంలో చేస్తున్న కొన్ని మార్పులను ముందుగానే తెలియజేస్తున్నాము.

వాటిలో ముఖ్యమైనది ఒక్కటే. బండిని పరీక్షించకుండా ఇకపై మేము కొత్త బ్యాటరీ అమ్మము. "సెల్ఫ్ తిరగడం లేదు, ఒక బ్యాటరీ పంపించండి" అని ఫోన్‌లో చెప్పడం, మేము కుర్రవాడి చేత పంపించడం ఇన్నాళ్లూ మామూలుగా జరుగుతున్నదే. అలా పంపితే ఆ పూటకు మాకు బేరం అవుతుంది. కానీ లోపం బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోలోనో, బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి, ఇంజనుకు కలిపే ఎర్త్ వైరులోనో ఉన్నప్పుడు కొత్త బ్యాటరీ కూడా కొద్ది వారాలకే డౌన్ అవుతుంది. అప్పుడు మీరు వారంటీ కార్డు తీసుకుని వస్తారు, కంపెనీ వారు పరీక్షించి బ్యాటరీలో లోపం లేదని తిప్పి పంపుతారు, మధ్యలో మాట పడేది మేము. పరీక్షకు రుసుము లేదు. పరీక్షించిన తరువాత బ్యాటరీ బాగానే ఉందని తేలితే ఆ మాటే చెప్పి పంపిస్తాము. దీనివల్ల మా అమ్మకాలు కొంత తగ్గుతాయని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము.

పరీక్షలో ఏమి చూస్తామో మీకు తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే ఇందులో సగం పని మల్టీమీటరు ఉన్న ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో, ఉదయం తాళం తిప్పకముందు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు; 12.2 చూపిస్తే దాదాపు సగానికి పడిపోయినట్టు; 12 కంటే తక్కువ ఉంటే ముందుగా ఛార్జింగ్ పెట్టి, ఆ తరువాతే దాని మంచిచెడ్డలు నిర్ణయించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆ అంకె 9.6 కంటే దిగువకు జారితే, ఛార్జింగ్ నిండుగా ఉండి కూడా జారితే, అది నిజంగానే మార్చవలసిన బ్యాటరీ. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. అంతకంటే తక్కువ వస్తే ఫ్యాన్ బెల్టు వదులైందా, డైనమో బ్రష్‌లు అరిగాయా అన్నది చూడాలి. 15 దాటితే డైనమో వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడైనట్టు లెక్క. అటువంటి బండిలో బ్యాటరీ నీరు త్వరగా ఆవిరైపోతుంది, బానెట్ ఎత్తగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వచ్చే బండికి కొత్త బ్యాటరీ బిగించడమంటే దాన్ని కూడా ఉడకబెట్టడానికి అప్పగించడమే.

సీల్డ్ బ్యాటరీ పైన ఉండే ఆకుపచ్చ కన్నును చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఆ కన్ను వాటిలో ఒక్క సెల్ సంగతి మాత్రమే చెబుతుంది. మిగిలిన అయిదింటిలో ఒకటి చచ్చిపోయినా కన్ను పచ్చగానే ఉండవచ్చు.

ఎర్త్ గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలలో నీట మునిగిన బండ్లకు ఆ తరువాత ఇంజను ఆయిలు మార్చారు, ఫిల్టర్లు మార్చారు, సీట్లు ఆరబెట్టారు. కానీ ఛాసిస్‌కు, గేర్‌బాక్సుకు బిగించి ఉండే ఎర్త్ పట్టీని విప్పి, తుప్పు గీకి, తిరిగి బిగించిన వారు తక్కువ. ఆ తుప్పు వెంటనే ఇబ్బంది పెట్టదు. పైకి పట్టీ బిగువుగానే కనిపిస్తుంది, లైట్లు వెలుగుతాయి, హారను మోగుతుంది, కానీ సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు అడిగే క్షణంలో మాత్రం ఆ దారి చాలదు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించి చూస్తే, అర వోల్టు కంటే ఎక్కువ తేడా కనిపించిన చోట లోపం అక్కడే ఉన్నట్టు. వరదలో మునిగిన బండి మీదైతే, లేదా అటువంటి బండిని మీరు సెకండ్‌హ్యాండ్‌లో కొని ఉంటే, దయచేసి ఆ సంగతి ముందే చెప్పండి. దాచడం వల్ల మాకు కలిగే నష్టం ఏమీ లేదు, మీ సమయమే వృథా అవుతుంది.

మన ఊరి ఎండ బ్యాటరీకి పెద్ద శత్రువు. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారుగా సగం అవుతుందన్నది ఈ వృత్తిలో అందరూ అంగీకరించే లెక్క. మే నెలలో బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. దానికి తోడు మార్కెట్ బండ్లు పది నిమిషాలు నడిచి గంటసేపు ఆగుతాయి, మళ్లీ సెల్ఫ్ కొడతారు, మళ్లీ ఆపుతారు. సెల్ఫ్ ఖర్చు చేసిన ఛార్జింగ్ తిరిగి నిండేంత దూరం బండి నడవదు. ఇంజను ఆపి పాటలు పెట్టుకుని సరుకు కోసం ఎదురుచూడటం మరొకటి. స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన యాంప్లిఫయరో, ఎల్‌ఈడీ పట్టీనో అర ఆంపియరు లాగుతూ ఉంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే ఛార్జింగ్‌ను కొలిచే లెక్క) పోతాయి. 65 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న బండిని పెళ్లికి ఊరెళ్లి మూడు రోజుల తరువాత వచ్చి తీస్తే సెల్ఫ్ తిరగకపోవడంలో ఆశ్చర్యం లేదు. అటువంటి అదనపు కనెక్షన్లను ఫ్యూజుతో, ఇగ్నిషన్ ద్వారా మార్చి ఇస్తాము. అందుకు అయ్యే కూలి కొత్త బ్యాటరీ ధరతో పోల్చితే చాలా తక్కువ.

అనుభవం ఉన్న డ్రైవర్లకు ఒక మనవి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని తేల్చే పాత పద్ధతిని దయచేసి మానుకోండి. పాత డీజిల్ బండ్లలో ఆ పద్ధతి నడిచిపోయింది. ఇప్పటి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో అలా ఊడదీసిన క్షణంలో వోల్టేజి ఎగబాకి, డైనమో డయోడ్లతో పాటు ఇంజనును నడిపించే ఈసీయూ కూడా పోవచ్చు, ఆ ఖర్చుతో ఎన్నో బ్యాటరీలు వస్తాయి. బాడీకి కమ్మీలు వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా ముందుగా బ్యాటరీ కనెక్షన్ తీయించండి. తీసేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

కొన్ని పనులను మేము పూర్తిగా మానేస్తున్నాము. పాత బ్యాటరీలో యాసిడ్ పోసి లేపడం ఇకపై చేయము. ఆవిరయ్యేది నీరు మాత్రమే కనుక పోయవలసింది డిస్టిల్డ్ వాటరే. పైనుంచి యాసిడ్ పోస్తే నాలుగు రోజులు హుషారుగా పనిచేసి ప్లేట్లు తినేస్తుంది. ఆర్‌ఓ నీరు కూడా పనికిరాదు. అలాగే రీకండిషన్ చేసిన పాత బ్యాటరీల అమ్మకం కూడా ఆపేశాము. అవి తక్కువ ధరకు దొరుకుతాయని అడిగే చిన్న యజమానుల ఇబ్బంది మాకు తెలుసు, కానీ నిండు లోడుతో రాత్రిపూట హైవే మీద ఆగిపోయే బండికి ఆ ఆదా ఎందుకూ కొరగాదు.

ధరల విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి లెడ్ యాసిడ్ బ్యాటరీలపై జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 6,000 రూపాయలు ఉన్న బ్యాటరీ అంతకు ముందు 7,680 పడేది, ఇప్పుడు 7,080 పడుతుంది. అయితే సీసం ధరను బట్టి కంపెనీలు మూల ధరను మారుస్తూ ఉంటాయి కాబట్టి ఈ తేడా ఎప్పటికీ ఇలాగే ఉంటుందని మేము మాట ఇవ్వలేము. పాత బ్యాటరీకి మేము ఇచ్చే తగ్గింపు కంటే వీధి పాతసామాను వారు కొంత ఎక్కువ ఇవ్వవచ్చునని కూడా దాచకుండా చెబుతున్నాము. వారిలో కొందరు యాసిడ్‌ను కాలువలో ఒంపేసి సీసం మాత్రం తీసుకుంటారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి నమోదైన రీసైక్లర్లకే చేరాలి. మా దగ్గర ఇచ్చినవి ఆ దారినే వెళతాయి.

వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ, బ్యాటరీ సీరియల్ నంబరు, బండి నంబరు మూడూ రాయించుకోకుండా కదలకండి. ఒకే బ్యాటరీకి సొంత కారులో ఉండే వారంటీ సరుకు బండిలో ఉండదు; చాలా రకాలకు తక్కువ ఉంటుంది. కొనేముందే అడగండి.

సీజనుకు ముందు బ్యాటరీ పరీక్షతో పాటు ఫ్యాన్ బెల్టు బిగువు, కూలెంట్ మట్టం, టెర్మినళ్ల శుభ్రం, బ్యాటరీ క్లాంపు బిగింపు కూడా మేమే చూస్తాము. క్లాంపు చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, తోట దారుల గుంతలలో అదిరే బ్యాటరీ లోపల ప్లేట్లు విరుగుతాయి. ఇంజను ఆయిలు, డీజిల్ ఫిల్టరులో చేరిన నీరు తీయడం, ఎయిర్ ఫిల్టరు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లకు గ్రీజు మా పని కాదు. వాటిని మీ మెకానిక్ చేత మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకు చేయించండి, దుమ్ము దారులలో తిరిగే బండికైతే ఎయిర్ ఫిల్టరు ఇంకా ముందే చూపించండి.

పరీక్షకు బండిని ఉదయం పూట, లోడు ఎక్కించకముందు తీసుకురండి. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ చూపించే అంకె నమ్మదగినది, అప్పుడే నడిచి వచ్చిన బండిలో వోల్టేజి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. దూరం నుంచి వచ్చేవారు ముందు రోజు సాయంత్రమే బండి వదిలి వెళితే, ఉదయం దుకాణం తెరవగానే మొదట దానినే చూస్తాము.